అరసవల్లి, పొందూరు చుట్టుపట్ల ఇంటి వడుకు, నేత, బొంతకుట్టు

ఇంటిపట్టున కూర్చుని నూలు వడకడం, చిన్న మగ్గం మీద గుడ్డ నేయడం, పాత చీరలు పొరలుగా పేర్చి బొంత కుట్టడం ఒకప్పుడు అవసరం కోసం చేసిన పనులు. ఇప్పుడు దేశదేశాల్లో చాలామంది వీటిని ఇష్టం కొద్దీ తీరిక వేళల్లో చేస్తున్నారు. ఉత్తరాంధ్రలో సంగతి కొంచెం వేరు. శ్రీకాకుళం నగరంలో కలిసిపోయిన అరసవల్లికి సుమారు 20 కిలోమీటర్ల దూరంలో ఉన్న పొందూరులో చేతివడుకు నేటికీ బతుకుతెరువే. అందుచేత ఈ ప్రాంతంలో వడుకును సరదాగా నేర్చుకోదలచినవారు దూరదేశపు పుస్తకాలు వెతుక్కోనక్కర్లేదు. చిన్ననాడే ఆ విద్య చేతికి పట్టుబడిన స్త్రీలు పక్క ఊళ్ళోనే ఉన్నారు.

పూర్వచరిత్ర

శ్రీకాకుళాన్ని ఇంగ్లీషువారు చికాకోల్ అని రాసుకున్న రోజుల్లో ఆ పేరు వింటే వర్తకులకు సన్నని మస్లిన్ గుడ్డ గుర్తొచ్చేది. 1682లో ఈస్టిండియా కంపెనీ విశాఖపట్నంలో స్థావరం పెట్టడానికి ఈ తీరపు నూలుబట్టల వ్యాపారమే ముఖ్య కారణం. బట్ట నాణ్యతను పుంజాల్లో చెప్పేవారు. పడుగులో పోగుల లెక్కే పుంజం. పుంజాలు పెరిగేకొద్దీ గుడ్డ చిక్కన, ధర ఎక్కువ. ఆ పోగులన్నీ ఇళ్ళలో ఆడవాళ్ళు రాట్నం మీద వడికినవే.

19వ శతాబ్దంలో మిల్లునూలు దిగాక మగ్గం ఎలాగో నిలదొక్కుకుంది గాని రాట్నం చాలా ఊళ్ళలో అటకెక్కింది. నేతగాడు మిల్లునూలు కొనుక్కుని తన పని తాను సాగించుకోగలడు. వడికే మనిషికి ఆ దారి లేదు. చేనేత కష్టాల గురించి రాసినంతగా వడుకు కష్టాల గురించి ఎవరూ రాయకపోవడానికి అది నాలుగు గోడల మధ్య సాగిన ఆడవాళ్ళ పని కావడం ఒక కారణం.

గాంధీ 'హింద్ స్వరాజ్'లో రాట్నం ప్రస్తావన చేసేనాటికి ఆయన రాట్నాన్ని కళ్ళతో చూసి ఎరగడు. తర్వాత చాలా ఏళ్ళకు ఆయన తరఫున వెతికిన గంగాబెన్ మజుందార్ గుజరాత్‌లోని విజాపూర్‌లో, అటకల మీద పడి ఉన్న రాట్నాలను వెతికి పట్టుకున్నారు. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో సమావేశమైన అఖిల భారత కాంగ్రెస్ కమిటీ దేశంలో 20 లక్షల రాట్నాలు తిరగాలని లక్ష్యం పెట్టుకుంది. అదే ఏడాది గాంధీ పత్రిక 'యంగ్ ఇండియా'లో పొందూరు సన్న ఖద్దరు ప్రస్తావన వచ్చింది. గాంధీ కుమారుడు దేవదాస్ గాంధీ పొందూరు వచ్చి అక్కడి వడుకును స్వయంగా చూశారు. 1925లో అఖిల భారత చరఖా సంఘం ఏర్పడింది. స్వాతంత్ర్యం వచ్చాక 1949లో పొందూరులో ఆంధ్రా ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం వెలిసింది. దాని భవనానికి 1955లో వినోబా భావే శంకుస్థాపన చేశారు. వడికేవారికి పత్తి ఇచ్చి నూలు తీసుకోవడం, ఆ నూలును నేతగాళ్ళకు ఇచ్చి గుడ్డ తీసుకోవడం ఈ సంఘం నడిపే పని.

వత్తులు, జంధ్యాలు

రాట్నం లేని ఇంట్లో కూడా వడుకు ఉంది. కార్తీకం వస్తుందంటే నెల ముందే అరసవల్లి, శ్రీకాకుళం ఇళ్ళలో పెద్దావిడలు దూది ముందేసుకుని కూర్చుంటారు. పువ్వొత్తులు, అడ్డవత్తులు, కార్తీక పున్నమికి 365 వత్తుల కట్ట, నోము పట్టినవారైతే లక్షవత్తులు. వేళ్ళకు కాస్త విభూతి రాసుకుని దూది పింజను సాగదీస్తూ, అరచేతుల మధ్య నలుపుతూ పురి ఎక్కిస్తారు. పీచును సాగదీయడం, పురి పెట్టడం: వడుకు శాస్త్రమంతా ఈ రెండే. రాట్నం చక్రమూ కదురూ ఈ రెండు పనులను త్వరగా, నిలకడగా చేయడానికి వచ్చిన సాధనాలు. కాబట్టి వత్తులు చేయడం వచ్చినవారికి తకిలి (చేత్తో తిప్పే చిన్న కదురు) ఇస్తే నేర్చుకోవడం సులువు. వేళ్ళకు ఎంత దూది వదలాలో ముందే తెలుసు.

జంధ్యం కోసం తకిలి మీద నూలు తీసే అలవాటు కొన్ని ఇళ్ళలో ఇంకా మిగిలి ఉంది. నాలుగు వేళ్ళ చుట్టూ 96 చుట్లు చుట్టి, మూడు పోగులు కలిపి పురి పెట్టి, అలాంటి మూడింటిని మళ్ళీ కలిపి తొమ్మిది పోగుల దారం చేస్తారు. ఒంటి పోగు తెగుతుంది గాని వెనక్కి పురి వేసి కలిపిన పోగులు ఒకదాన్నొకటి పట్టుకుని నిలుస్తాయి. నూలు పనిలో ఇది మొదటి పాఠం. పూజగదిలో ఎన్నో తరాలుగా అది చెప్పకుండానే సాగుతూ వచ్చింది.

తకిలిని బడిలో నేర్చుకున్న తరం కూడా ఒకటి ఉంది. 1937లో వార్ధాలో జరిగిన విద్యా సమావేశం తర్వాత జాకిర్ హుస్సేన్ కమిటీ రూపొందించిన మౌలిక విద్యా పథకంలో వడుకు ప్రధానమైన చేతిపని. చేత్తో చేస్తూ నేర్చుకోవాలన్న ఆ ఆలోచన గొప్పది. దాన్ని పాఠశాలలు వదులుకోవడం నష్టమే.

పొందూరు పద్ధతి

దేశంలో ఇవాళ ఖాదీగా అమ్మే గుడ్డలో అధిక భాగానికి దూదిని యంత్రాల మీద ఏకి, ఏకులుగా తయారుచేసి పంపుతారు. ఆ ఏకులను ఎనిమిది, పది కదుళ్ళున్న కొత్త నమూనా చరఖాల మీద వడుకుతారు. పొందూరు సన్న ఖాదీలో గింజ తీయడం మొదలు గుడ్డ చేతికొచ్చేదాకా అంతా చేతిపనే. చేతిపనిని ప్రేమించేవారు పొందూరు దాకా వెళ్ళి చూడవలసింది ఇందుకే.

పత్తి దగ్గర మొదలుపెట్టాలి. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల్లో పండే కొండపత్తి, పునాస పత్తి, ఎర్రపత్తి ఇక్కడి వడుకుకు ఆధారం. ఎర్రపత్తి దూదికి సహజంగానే గోధుమ ఛాయ ఉంటుంది. రంగు అద్దకుండానే ఆ ఛాయ గుడ్డకు వస్తుంది. ఇవి పొట్టి పీచు రకాలు. మిల్లు యంత్రాలకు పొడుగు పీచు కావాలి కనుక ఈ రకాలు పొలాల నుంచి క్రమంగా తప్పుకున్నాయి. పొట్టి పీచుతో సన్న నూలు తీయడం చేతికి మాత్రమే సాధ్యమైన పని. యంత్రం లాగే లాగుడుకు తెగిపోయే దూదిని అనుభవం ఉన్న వేళ్ళు తెగకుండా సాగదీస్తాయి.

గింజతో ఉన్న పత్తిని ముందుగా వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ దవడకు సన్నని, వాడి పళ్ళు వరసగా ఉంటాయి. దువ్వెన మాదిరిగా అవి నలకలను, ఆకు ముక్కలను తీసేసి పీచును ఒకే దిక్కుకు తిప్పుతాయి. ఇనుపతీగల బ్రష్షు ఈ పని చేయలేదా అని కొత్తవారికి సందేహం వస్తుంది. అది పీచును చీల్చేస్తుంది. ఎముక పళ్ళకు పదునుతో పాటు నునుపూ ఉంది. శాకాహార నియమం గట్టిగా పాటించే గాంధేయులు సైతం ఈ చేప దవడను కాదనకుండా ఖద్దరు పనిలో ఉండనిచ్చారంటే, దాని పనితనం ఎలాంటిదో ఊహించవచ్చు.

దువ్విన పత్తిని చెక్కపలక మీద పరచి సన్నని ఇనుప కడ్డీని దొర్లిస్తే గింజలు ముందుకు జారి విడిపోతాయి. యంత్రంలో గింజ నలిగినట్టు ఇక్కడ నలగదు, దూదికి నూనె మరక అంటదు. తర్వాత విల్లులాంటి చిన్న సాధనం నారిని మీటుతూ దూదిని ఏకుతారు. పింజలు విడివిడిగా, పొగమంచంత తేలికగా లేస్తాయి. ఆ దూదిని పుల్ల చుట్టూ చుట్టి ఏకు చేస్తారు. చేసిన ఏకును ఎండిన అరటి బోదె డొప్పలో దాస్తారు. డొప్ప లోపలి నునుపు దూది పీచు రేగకుండా కాపాడుతుంది. వడికేటప్పుడు ఆ డొప్పను అలాగే చేత్తో పట్టుకుని ఏకును కొద్దికొద్దిగా బయటికి వదులుతారు. ఈ పనులన్నీ చాలాకాలంగా పట్టుశాలి అనే చేనేత కులపు కుటుంబాల స్త్రీల చేతుల మీదుగా నడుస్తున్నాయి.

రాట్నం ఒంటి కదురుది. 24 ఆకుల పెద్ద చక్రం. కుడిచేత్తో చక్రం తిప్పుతుంటే ఎడమచేయి ఏకును వెనక్కి లాగుతూ పోతుంది. పోగు చేయి చాచినంత దూరం సాగాక, చక్రాన్ని కాస్త వెనక్కి తిప్పి కదురు మీదకు చుట్టిస్తారు. చక్రం ఒక్క చుట్టు తిరిగేలోగా కదురు ఎన్నో చుట్లు తిరుగుతుంది. అంత వేగంలో ఎడమచేతి రెండు వేళ్ళ మధ్య పోగు మందం మారకుండా చూసుకోవడమే విద్య. చూసేవారికి ఆ చేయి ఊరికే గాలిలో ఊగుతున్నట్టు ఉంటుంది.

పొందూరు నూలుకు పేరు తెచ్చింది 100 కౌంటు. నూరో కౌంటు నూలు ఒక పౌనుకు 84,000 గజాలు. మన లెక్కలో ఒక గ్రాముకు సుమారు 169 మీటర్లు. ఐదున్నర మీటర్ల చీరను, సెంటీమీటరుకు అటు 26, ఇటు 26 పోగుల చొప్పున నేస్తే దానిలో పట్టే దారం 33 కిలోమీటర్ల దాకా ఉంటుంది. బరువు చూస్తే 200 గ్రాములు. ఆ దారం మొత్తం ఒక స్త్రీ వేళ్ళ మధ్య నుంచి సాగి వచ్చినది. చీర ధర చూసి పెదవి విరిచేవారు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి. అక్కినేని నాగేశ్వరరావు పొందూరు పంచెలను ఇష్టంగా కట్టిన సంగతి తెలుగువారందరికీ తెలిసిందే. అలాంటి పంచె కట్టినవారి పేరు నిలిచినట్టు వడికినవారి పేరు ఏ గుడ్డ మీదా నిలవలేదు.

మగ్గం, నవారు, నులక

నేత వడుకంత సులువుగా ఇంటి వ్యాపకం కాలేకపోయింది. స్థలం కావాలి, పడుగు సిద్ధం చేయడానికి ఇద్దరు ముగ్గురు మనుషులు కావాలి. పొందూరు నేతగాళ్ళది గుంట మగ్గం. నేలలో తవ్విన గుంటలో కాళ్ళు పెట్టి తొక్కుతారు. నేల తేమ పోగును మెత్తగా ఉంచుతుంది. దూది పోగు తేమలో బలపడుతుంది, పొడిగాలిలో పెళుసెక్కి తెగుతుంది. ఎండాకాలంలో సన్ననూలు నేసేవారు తెల్లవారుజామునే మగ్గం ఎక్కడంలో ఉన్న మర్మం ఇదే. పడుగుకు అన్నపు గంజి పట్టించి కుంచెతో సాపు చేస్తారు. పేకనూలు కండెలకు చుట్టి నాడెలో పెడతారు. బుటా వేయాలంటే జాంధానీ పద్ధతిలో పువ్వు ఉన్న చోట విడిగా రంగునూలు చేత్తో దూరుస్తారు. ఉప్పాడ చీరల జాంధానీ నేతా ఇదే.

ఇంటి వరకు వస్తే ఉత్తరాంధ్రలో అందరికీ దగ్గరైన అల్లిక మంచం. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల మెట్ట పొలాల్లో గోగు విరివిగా పండేది. నెల్లిమర్ల, సాలూరు, బొబ్బిలి, రాజాం జనపనార మిల్లులకు దన్నుగా నిలిచింది ఆ పంటే. మిల్లుకు పోగా ఇంట మిగిలిన నారతో నులక పేని మంచాలు అల్లేవారు. అడ్డపోగు కింద నుంచి, మీద నుంచి పోతూ గళ్ళు, కోణాలు తేలే ఆ అల్లిక అక్షరాలా పడుగుపేకే. పిల్లలకు నేత సూత్రం చెప్పాలంటే నులక మంచానికి మించిన పరికరం లేదు. నవారు నేయడం మరో మెట్టు. వెడల్పు తక్కువ కనుక గది మూలలోనే ఇమిడిపోతుంది. నాలుగు చెక్క బద్దలు బిగించి మేకులు కొట్టిన చట్రం మీద చేతిసంచి గుడ్డో, బల్ల మీద పరిచే పట్టీయో నేయడం వారం రోజుల్లో పట్టుబడుతుంది.

బొంత

బొంతకు కొత్తగుడ్డ పనికిరాదు. ఏళ్ళ తరబడి కట్టి, ఉతికి, గంజి వదిలి మెత్తబడిన నూలుచీరలే దానికి తగినవి. నైలాను కలిసిన చీర పెడితే చెమట పీల్చదు, కుట్టు జారుతుంది. అమ్మమ్మ చీర, తాతయ్య పంచె, చిరిగిన లుంగీ ఉతికి ఆరేసి, చిరుగులు లోపొరలకు వచ్చేలా, గట్టి భాగం పైకి వచ్చేలా నేల మీద పరుస్తారు. నాలుగు మూలలా బరువులు పెట్టి, ముందు దూరదూరంగా టాకాలు వేసి పొరలు కదలకుండా చేస్తారు. అసలు కుట్టు నడిమి నుంచి అంచులకు సాగాలి. అంచు నుంచి మొదలుపెడితే మధ్యలో గుడ్డ పోగుపడి ముడతలు తేలుతుంది. కొత్తగా కుట్టేవారిలో ఎక్కువమంది చెడగొట్టుకునేది ఇక్కడే. కుట్టు దారానికి పాత చీర అంచుల నుంచి లాగిన పోగులు వాడేవారూ ఉన్నారు.

పసిబిడ్డ కిందికి బొంత, చలికాలపు రాత్రి పైకి బొంత, ప్రయాణంలో మూటకు బొంత. పురుడొచ్చే ఇంట్లో నెలలు ముందే పొత్తిగుడ్డలు, చిన్న బొంతలు సిద్ధమయ్యేవి. మధ్యాహ్నం పనులు తీరాక నలుగురు ఒక బొంత చుట్టూ చేరి నాలుగు వైపులా కుట్టుకుంటూ పోతే, రెండు మూడు రోజుల్లో పని పూర్తి. ఇరుగమ్మా పొరుగమ్మా ఊరి సంగతులు మాట్లాడుకునేది ఆ సమయంలోనే.

బెంగాల్‌లో కాంథా, బీహార్‌లో సుజని, కర్ణాటకలో కౌది ఇలాంటి పాతగుడ్డల నుంచి పుట్టినవే. జపాన్‌లో అతుకుల మీద అతుకు వేసి సాషికో కుట్టుతో బలపరిచిన బోరో వస్త్రాలను నేడు మ్యూజియాల్లో పెడుతున్నారు. కాంథాకు, సుజనికి కళగా గుర్తింపు దొరికింది. తెలుగు బొంతను మాత్రం ఇంకా పేదింటి పక్కగుడ్డగానే చూస్తున్నారు. ఇది అన్యాయం. మూడు తరాల చీరల అంచులు ఒక్కచోట చేరిన బొంతలో ఆ ఇంటి నేత చరిత్ర ఉంటుంది. ఏ ఊరి మగ్గం, ఏ రంగు, ఏ కాలం అన్నవి చదువుకోవచ్చు. మన మ్యూజియాలు ఈ బొంతలను సేకరించి పెట్టాలి.

నేర్చుకునేవారికి

మొదటి పరికరం తకిలి. ఇత్తడి బిళ్ళ, ఉక్కు పుల్ల, అంతే. అమెరికా, ఇంగ్లండ్‌లలో సరదాకు దూది వడికేవారిలో కొందరు కూడా ఈ భారతీయ తకిలితోనే మొదలుపెడుతున్నారు. ఆ తర్వాత యరవాడ జైలులో గాంధీ మెరుగులు దిద్దిన పెట్టె రాట్నం కొంటున్నారు. మూస్తే పుస్తకమంత ఉండే ఆ పెట్టె రాట్నం అపార్టుమెంటు గదికి సరిగ్గా సరిపోతుంది.

దూది ఎంపికలో జాగ్రత్త అవసరం. మందుల దుకాణంలో దొరికే తెల్ల దూదిలోంచి సహజమైన మైనాన్ని తీసేస్తారు. అది వేళ్ళకు పట్టుకుంటుంది, సమంగా సాగదు. కొండపత్తి పీచు పొట్టి కనుక అది చేయి తిరిగినవారికే వదిలేయడం మేలు. మొదట్లో ఖాదీ భాండారాల్లో దొరికే పొడుగు పీచు ఏకులతో లావుపాటి పోగు తీయడం సాధన చేయాలి. తీసిన నూలును చిలపలుగా చుట్టి వేడినీళ్ళలో నానబెట్టి ఆరేస్తే పురి నిలబడి మెలికలు పడదు. రంగు వేయాలనుకుంటే దానిమ్మ తొక్క, కరక్కాయ పటికతో కలిసి గట్టిగా పట్టే రంగులనిస్తాయి. పసుపు వెంటనే అందంగా పడుతుంది, ఎండకు వెలిసిపోతుంది. అద్దకానికి వాడిన గిన్నెను వంటకు వాడకూడదు. దూది ఏకే గదికి గాలి బాగా ఆడాలి, ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి.

అన్నిటికంటే మేలైన పాఠం చేయి తిరిగినవారి ఎదురుగా కూర్చోవడం. పొందూరు, హౌరా-చెన్నై రైలుమార్గంలో శ్రీకాకుళం రోడ్డు, విజయనగరం స్టేషన్ల నడుమ ఉంది. రథసప్తమికో, మాఘ ఆదివారానికో అరసవల్లి సూర్యనారాయణస్వామి దర్శనానికి వచ్చినవారు మధ్యాహ్నానికి అక్కడికి చేరవచ్చు. అయితే ఒక మాట గుర్తుంచుకోవాలి. మనకు వ్యాపకమైనది అక్కడ కూలిపని. వడుకు కూలి చాలా తక్కువ కావడం వల్లనే ఆ ఇళ్ళలో ఆడపిల్లలు రాట్నం ముందు కూర్చోవడం మానేస్తున్నారు. ఫోటోలు తీసుకుని, మెచ్చుకుని వచ్చేస్తే వారికి ఒరిగేదేమీ లేదు. పాఠం చెప్పినవారికి వారి పూట కూలికి తగ్గకుండా రుసుము ఇవ్వండి, గుడ్డ కొనేటప్పుడు పొందూరు ఖాదీ సంఘం దుకాణంలోనే కొనండి, బేరం ఆడకండి.